పుస్తకంలో లేని పిన్ని

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, మా రోజుల్లో చరిత్ర పుస్తకమంటే ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు. కదిపితే గలగలమనేవి. మొదటి అధ్యాయం క్యాసెట్‌కి ఒక రబ్బరు బ్యాండు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. అలా వేళ్ళతో తడిమి గుర్తుపట్టేదాన్ని. నాకు పుట్టుకతోనే చూపు లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. జాలిపడేవాళ్ళు ఈపాటికి పడేసి ఉంటారు కాబట్టి ముందుకు వెళదాం.

ఆ క్యాసెట్లు చదివిపెట్టింది మా పిన్ని. అమ్మకి చెల్లెలు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఇంట్లో ఆవిడ నోట్లో నోరు పెట్టి గెలిచినవాళ్ళు లేరు. కోపం ముక్కు మీదే ఉండేది. బాబాయి సైతం ఆవిడకి ఎదురు చెప్పాలంటే ముందు చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉండేవాడు. కానీ మైకు ముందు కూర్చుందంటే చాలు, ఆవిడకి తెలియకుండానే ఎక్స్‌ఛేంజి గొంతు వచ్చేసేది. మెత్తగా, ఎత్తూ పల్లమూ లేకుండా, ఎవరి మీదా కోపం లేనట్టు. "దయచేసి లైనులో ఉండండి" అనే గొంతు. అదే గొంతుతో విప్లవాలు, ఒప్పందాలు, కరువులు, రాజుల చావులు, అన్నీ చదివేసేది.

డ్యూటీ దిగి వచ్చి, మా వంటింటి పక్క గదిలో తలుపు వేసుకుని చదివేది. మధ్యలో "ఒసేయ్ అక్కా, పాలు పొంగుతున్నాయే" అన్న కేక, ఎవరో తలుపు కొట్టిన చప్పుడు, ఒక పెద్ద తుమ్ము, అన్నీ క్యాసెట్‌లోకి ఎక్కేవి. అవి పుస్తకం కాదని నాకు తెలుసు. నేనేం అంత మొద్దుని కాదు.

కాలేజీలో మాలాంటి వాళ్ళ కోసం మెట్ల కింద ఒక గది ఉండేది. పైన ఎవరు ఎక్కినా మా నెత్తి మీద నడిచినట్టుండేది. ఆ గదిని చూసుకునే ఆవిడని అందరం అరగంట మేడం అనేవాళ్ళం. మాకు పరీక్షలో అదనంగా అరగంట ఇవ్వాలని రూలుంది. రూలు ఉండటం వేరు, ఇవ్వడం వేరు. ప్రతి పరీక్షకీ ఆవిడ గేటు దగ్గర మనిషి నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరితో పోట్లాడి ఆ అరగంట తెచ్చేవారు. మేము చెబుతుంటే రాసిపెట్టే మనిషిని కూడా ఆవిడే వెతకాలి. ఆ రాసేవాళ్ళు ఆ సబ్జెక్టు చదివి ఉండకూడదు. చదివినవాళ్ళైతే సొంతంగా రాసేస్తారని అనుమానం. అందుకని చరిత్ర పరీక్షకి నాకు లెక్కలు చదివే ఒక చిన్నపిల్లని ఇచ్చారు. చక్రవర్తుల పేర్లకి ఆ పిల్ల పడ్డ అవస్థ నాకు ఇప్పటికీ గుర్తే.

నాతోపాటు చూపులేని క్లాస్‌మేటు ఇంకొకడు ఉండేవాడు. ఒకసారి విన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి వినిపిస్తాడని వాడికి రేడియో అని పేరు. వాడికి ఇంట్లో చదివిపెట్టేవాళ్ళు లేరు. పిన్ని క్యాసెట్లు నా దగ్గర తీసుకుని వినేవాడు. విని తిరిగి ఇస్తూ, "మన రచయిత భలే మనిషి కదే" అనేవాడు.

అవును, ఆ రచయిత అంటే మా ఇద్దరికీ చెవి కోసుకునేంత ఇష్టం. ఎవరెవరో చదివిపెట్టిన మిగతా పుస్తకాలు విన్నప్పుడు నిద్ర ముంచుకొచ్చేది. ఈయన అలా కాదు. నాలుగు పేజీలు సంవత్సరాలూ అంకెలూ చెప్పి, ఉన్నట్టుండి ఒక మాట అనేవాడు. ఆ మాటకి కడుపుబ్బ నవ్వన్నా వచ్చేది, గొంతుకేదో అడ్డుపడనన్నా పడేది. పెద్ద చదువులు చదివి, ఇన్ని పుస్తకాలు రాసి, ఇంత మామూలుగా మాట్లాడగలిగిన మనిషి ఎలా ఉంటాడో అనుకునేదాన్ని. నేను చరిత్రే చదవాలి, చదివి చరిత్రే చెప్పాలి అని పట్టుబట్టింది ఆయన వల్లే.

రెండో ఏడాది ఫలితాలు వచ్చాయి. అందరివీ వచ్చాయి, మా ఇద్దరివీ రాలేదు. చరిత్ర పేపర్లు ఆపేశారని, అనుమానం ఉందని, పరీక్షల అధికారి గదికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని కబురు వచ్చింది. పేపరు రద్దయితే ఏడాది పోతుంది. ఏడాది పోతే నా చదువే పోతుంది. నాన్న ముందే అనేశాడు, "ఒక్క ఏడాది తప్పినా ఇంక చాలమ్మా, ఇంటిపట్టున ఉండు" అని. నాన్న చెడ్డవాడు కాదు. నేను రోడ్డు దాటిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టే మనిషి. నన్ను ఇంట్లో ఉంచడానికి ఆయనకి ఒక సాకు కావాలి, అంతే.

ఆ రోజు నాకు తోడుగా పిన్నే వచ్చింది. దారంతా పరీక్షలవాళ్ళని తిడుతూనే ఉంది.

"అనుమానమట అనుమానం! కళ్ళున్న వెధవలు పక్కవాడి పేపర్లోకి మెడలు సాచి చూస్తారు. వాళ్ళని వదిలేసి వీళ్ళని పట్టుకున్నారు. నువ్వు ఎవరి పేపర్లోకి చూస్తావే? నన్ను మాట్లాడనీ, కడిగి పారేస్తాను."

"నువ్వు మాట్లాడకు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. "నువ్వు కడిగితే రంగు కూడా పోతుంది."

అధికారి గదిలో జిగురు వాసన, కాగితాల వాసన. తలమీద ఫ్యాను మూలుగుతోంది. రేడియో నా పక్క కుర్చీలో కూర్చుని మోకాలు ఆడిస్తున్నాడు. మా వెనకాల అరగంట మేడం. పిన్నిని తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోమన్నారు. అధికారి గొంతు కటువుగా లేదు. అలసిపోయినట్టుంది. మాట మాటకీ పెన్ను మూత తీసి పెడుతున్నాడు.

"మీ ఇద్దరూ వేరు వేరు గదుల్లో రాశారు. రాసిపెట్టినవాళ్ళు వేరు. అయినా మీ పేపర్లలో కొన్ని వాక్యాలు అచ్చుగుద్దినట్టు ఒకటే. పుస్తకంలో ఉన్నవైతే కంఠతా పట్టారనుకుంటాం. ఇవి పుస్తకంలో లేవు. మీ మాస్టారిని అడిగాం, తను చెప్పలేదన్నారు. ఎవరో ముందే జవాబులు తయారుచేసి రాసేవాళ్ళ చేతికి ఇచ్చారు. కాదంటారా?"

"ఏ వాక్యాలు సార్?" అన్నాను.

ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "'యుద్ధానికి నాలుగో కారణం, చక్రవర్తికి ఇంట్లో కుదురుగా ఉండబుద్ధి కాకపోవడం.'"

గదిలో ఓ మూల గుమాస్తా ఎవరో కిసుక్కుమని, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"అది పుస్తకంలోదే సార్" అన్నాను ధైర్యంగా. "ఐదో అధ్యాయం. కారణాలు చెప్పాక చివర్లో ఉంటుంది."

"ఇద్దరూ అదే అంటున్నారా?"

"అవును సార్, పన్నులు పెంచారన్న మాట తర్వాత వస్తుంది" అన్నాడు రేడియో.

ఆయన పుస్తకం మేడం చేతికి ఇచ్చాడు. ఆవిడ ఆ పేజీ పైకి చదివారు. మొదటి కారణం ఉంది, రెండోది ఉంది, మూడోది ఉంది. తర్వాత యుద్ధం మొదలైపోయింది. చక్రవర్తి ఇంటి సంగతి ఎక్కడా లేదు.

"ఇంకోటి" అన్నాడు ఆయన. ఈసారి కొంచెం నెమ్మదిగా చదివాడు. "'మిల్లుల్లో పనికి ఆ పసివాళ్ళని తెల్లవారకముందే నిద్రలేపడానికి తల్లులకి ప్రాణం ఎలా ఒప్పిందో ఏ పుస్తకమూ రాయదు.' దీనికి పేపరు దిద్దినాయన ముందు టిక్కు పెట్టాడు, పక్కన బాగుందని రాశాడు కూడా. తర్వాత రెండో పేపర్లో అదే వాక్యం కనబడేసరికి రెండూ కొట్టేశాడు."

మేడం మిల్లుల అధ్యాయం చదివారు. ఎన్ని మిల్లులు, ఎంతమంది కూలీలు, ఏ ఏడు ఏ చట్టం. ఉప్పూ కారం లేని చదువు. నేను చెవులు రిక్కించి వింటున్నాను, నా రచయిత ఇప్పుడు మాట్లాడతాడు, ఇదిగో ఈ వాక్యం తర్వాత మాట్లాడతాడు అని. అధ్యాయం అయిపోయింది. ఆయన మాట్లాడలేదు.

అప్పుడు తెలిసింది నాకు. నా పక్కన రేడియో మోకాలు కూడా ఆగిపోయింది. వాడికీ తెలిసిపోయింది. చెబితే పిన్నిని లాక్కొచ్చి బోనులో నిలబెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఏడాది పోతుంది. ఏం చెయ్యాలో తోచక కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అవి నా మాటలండీ" అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు.

ఎక్స్‌ఛేంజి గొంతు కాదు, ఇంటి గొంతూ కాదు. పిన్ని దగ్గర అలాంటి గొంతు ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మీరెవరమ్మా?" అన్నాడు అధికారి.

"దీని పిన్నినండీ. క్యాసెట్లు చదివేది నేనే. ఆ చక్రవర్తి గురించి అన్నది నేను. ఆ తల్లుల మాటా నాదే."

"పుస్తకంలో లేనివి ఎందుకు చదివారు?"

"చదవలేదండీ, దీంతో మాట్లాడాను. గదిలో ఒక్కతే కూర్చుని వింటుంది కదా. ఆ పుస్తకం మీరు చూశారు కదా, అందులో మనిషన్నవాడు లేడు, అంతా సంవత్సరాలే. తోడుగా ఉంటుందని మధ్యలో ఒకటీ అరా మాట అన్నాను. అది కూడా పుస్తకమే అనుకుంటుందని నా బుర్రకి తట్టలేదు. నాకు కళ్ళున్నాయి కాబట్టి పుస్తకం ఎక్కడ ఆగిందో, నేను ఎక్కడ మొదలుపెట్టానో నాకు కనిపిస్తోంది. దానికి ఎలా తెలుస్తుందండీ? రెండూ నా గొంతే కదా."

ఫ్యాను మూలుగుతూనే ఉంది. రేడియో నా చెవిలో, "ఒసేయ్, మన రచయిత బెంచీ మీద కూర్చుందే" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, రెండూ బయటికి రాక ముక్కులో మంట పుట్టింది.

మేడం పరుగున వెళ్ళి మెట్ల కింద గదిలోంచి టేపురికార్డరు తెచ్చారు. ఆ క్యాసెట్ అక్కడే రేడియోగాడి డెస్కులో ఉంది. నేనే రబ్బరు బ్యాండ్లు తడిమి పెట్టాను. ఆ గదిలో అందరూ మా పిన్ని గొంతు విన్నారు. ప్రజల్లో అసంతృప్తి ప్రబలింది, పన్నులు పెంచారు, యుద్ధానికి నాలుగో కారణం, చక్రవర్తికి ఇంట్లో కుదురుగా ఉండబుద్ధి కాకపోవడం. ఎక్కడా అతుకు తెలియలేదు. ఆ గుమాస్తా ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వేశాడు.

మా ఫలితాలు వదిలారు. చక్రవర్తి ఇంటి కారణానికి వేసిన మార్కు కోసేశారు గానీ పాసయ్యాం. ఏడాది నిలబడింది. కానీ ఆ అధికారి లేచేముందు ఇంకో మాట అన్నాడు. ఇక మీదట ఇంట్లోవాళ్ళు చదివిన క్యాసెట్లు పనికిరావు, కాలేజీ ఎంచిన మనిషే చదవాలి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. మేడం గొంతు పోయేలా పోట్లాడారు. ఎన్నో అరగంటలు గెలిచిన మనిషి, ఇది మాత్రం గెలవలేకపోయారు.

తిరిగి వస్తుంటే పిన్ని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాను, వేరే ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు అనిపించింది. మా గుమ్మం దగ్గర నన్ను దింపి లోపలికి కూడా రాకుండా వెళ్ళిపోయింది.

మూడో ఏడాదికి కొత్తాయన చదివాడు. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి, వార్తలు చదివే గొంతు. ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టు ఉండేది. తుమ్మడు, దగ్గడు, ఎవరినీ కేకెయ్యడు. ఏ తప్పూ పట్టలేం. ఒక రాజ్యంలో కరువొచ్చి జనం చెట్ల బెరడు తిన్నారని చదివి, అదే ఊపిరిలో తర్వాతి రాజు పట్టాభిషేకంలోకి వెళ్ళిపోయాడు. నేను క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అలాగే వెళ్ళిపోయాడు. ఆ గదిలో అంత ఒంటరిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. చరిత్ర మీద నాకున్న ఇష్టం పుస్తకం మీద కాదని, పుస్తకంతో పోట్లాడుతున్న మా పిన్ని మీదని అప్పుడు అర్థమైంది. అది పోతే ఇంక నేను చదివేది దేనికోసం?

పిన్ని మా ఇంటికి రావడం మానేసింది. అమ్మ అడిగితే డ్యూటీలు ఎక్కువయ్యాయంది. చివరికి ఒక సాయంత్రం కర్ర తీసుకుని నేనే బయల్దేరాను. రెండు వీధులు దాటాలి. నాన్న వెనకాలే వస్తున్నాడని చెప్పుల చప్పుడుకే తెలిసింది, తెలియనట్టే నడిచాను.

తలుపు తీసి నన్ను చూసి పిన్ని హడలిపోయింది. "ఒక్కదానివే వచ్చావా? నీకేమైనా పిచ్చా?"

"వెనకాల నాన్న ఉన్నాడులే, చెట్టు పక్కన నక్కి ఉంటాడు. నువ్వెందుకు రావట్లేదు?"

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావే? నా నోటిదురుసుకి నీ చదువు తగలబడిపోయేది. ఇంక నీ పుస్తకాల జోలికి వస్తే ఒట్టు. నన్ను చదవొద్దన్నారు కూడా."

నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఎవరి పోలికో వేరే చెప్పాలా.

"చదవొద్దన్నారు. వినొద్దని ఎవరైనా అన్నారా?"

పిన్ని తలుపు గొళ్ళెం ఆడిస్తోంది.

"ఆ పెద్దాయన చదువుతాడు. నువ్వు నా పక్కన కూర్చుని విను. నీకు ఒళ్ళు మండినచోట నేను క్యాసెట్ ఆపుతాను. అన్నంత సేపు అను. అప్పుడు ఏది పుస్తకమో ఏది నువ్వో తెలియకపోవడమన్నది ఉండదు. ఆయన గొంతు వేరు, నీ గొంతు వేరు. ఏ అధికారి వచ్చి ఏం చేస్తాడు?"

ముక్కు చీదిన చప్పుడు, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించాయి. "బావగారూ, ఇంక ఆ చెట్టు వెనకనుంచి రండి, దోమలు కుడతాయి" అని వీధిలోకి ఒక్క కేక పెట్టింది. మా పిన్ని తిరిగొచ్చింది.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పమంటే ఎంతసేపైనా చెప్పగలను. డ్యూటీ దిగి పిన్ని వచ్చేది. రేడియో కూడా వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పెద్దాయన ఒక వాక్యం చదివేవాడు, నేను ఆపేదాన్ని, పిన్ని అందుకునేది. "బెరడు తిన్నారట! వండినదెవరో? అది ఉడికేదాకా పిల్లలకి ఏం చెప్పి కూర్చోబెట్టిందో ఆ ఇల్లాలు?" రేడియో పెద్దాయన పక్షం వహించి వాదించేవాడు. ఇద్దరూ ఏనాడో పోయిన రాజుల కోసం కొట్టుకునేవాళ్ళు. అమ్మ వచ్చి, ఇది చదువా సంతా అనేది. ఇంతాచేసి ఒక్క క్యాసెట్ వినడానికి వారం పట్టేది. ఆపే మీట అరిగిపోయి, చివరికి దాని స్థానంలో అగ్గిపుల్ల దోపుకోవాల్సి వచ్చింది.

ఆఖరి పరీక్షలో పుస్తకంలోది పుస్తకంలోదిగానే చెప్పాను. చివరి జవాబులో మాత్రం, రాసిపెట్టే పిల్లతో, "రాయమ్మా, మా పిన్ని అభిప్రాయం ప్రకారం" అని మొదలుపెట్టాను. ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. "అక్కా, నిజంగా రాయనా?" అంది. రాయమన్నాను. మార్కులు వేశారో లేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. పాసయ్యాను. తర్వాత చరిత్రే చెప్పాను, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అదే చెప్పాను.

పిన్ని పోయి చాలా కాలమైంది. ఎక్స్‌ఛేంజి కూడా లేదు. ఇప్పుడు నాకు పుస్తకాలు కంప్యూటర్ చదివిపెడుతుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరి డ్యూటీ దిగేదాకా ఆగక్కర్లేదు, ఏ పుస్తకం కావాలంటే ఆ పుస్తకం. ఈ సుఖం మా రోజుల్లో ఉంటేనా అని అందరిలాగే నేనూ అంటాను. నిజమే, సుఖమే. కాదనను.

మొన్న ఒక కొత్త పుస్తకం వింటున్నాను. ఎక్కడో పెద్ద ఆనకట్ట కట్టిన కథ. కంప్యూటర్ ఊపిరి తీసుకోకుండా చదువుకుపోతోంది. 'ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. ప్రజలు సహకరించారు.' నా వేలు దానంతటదే ఆపేసింది. ఆపి కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. ఏడుపొచ్చింది, ఈ వయసులో, ఎవరిదో ఆనకట్ట కోసం.

"సహకరించక ఏం చేస్తారు, పొయ్యిలోకి నీళ్ళొచ్చాక?" అన్నాను పైకే.

అన్నాక నా నోట్లోంచి వచ్చిన ఆ గొంతు విన్నాను. మెత్తగా, ఎత్తూ పల్లమూ లేకుండా, ఎక్స్‌ఛేంజి గొంతులా ఉంది. కళ్ళు తుడుచుకుని మీట నొక్కాను. పుస్తకం ముందుకు వెళ్ళింది.